అనుమతి లేనిదే కాయరాదు

ఎక్కడో ఒక బస్టాండులో ఎవరో ఒక స్వామి బట్టతల మీద జుట్టు మొలిపించే కషాయం అమ్మాడట. తాగిన పెద్దమనిషికి జుట్టు మొలవకపోగా వారం రోజులు విరేచనాలు పట్టుకున్నాయట. ఆయన మామూలు పెద్దమనిషి కాకపోవడంతో నెల తిరక్కుండా చట్టం వచ్చింది. చట్టానికి ఒక శాఖ కావాలి కాబట్టి కషాయ నియంత్రణ శాఖ వచ్చింది. శాఖకు కుర్చీలు వచ్చాయి, కుర్చీల్లోకి మనుషులు వచ్చారు. ఆరు నెలలు గడిచినా అనుమతి కోసం ఒక్క మనిషీ రాలేదు. అల్లం, మిరియాలు మరిగించుకోవడానికి కూడా ఒక ఆఫీసు ఉంటుందని జనానికి ఎవరూ చెప్పలేదు మరి.

మన మండలానికి కషాయ నియంత్రణాధికారి పరబ్రహ్మం గారు. లంచం ముట్టరు, సెలవు పెట్టరు, ఎవరేం చెప్పినా ముందు రాసుకుంటారు. ఇంత మంచి మనిషి చేతికి చట్టం దొరికితే ఎంత ప్రమాదమో అప్పటికి ఎవరికీ తెలియదు. ఏడాదిలోగా పని చూపించకపోతే ఆఫీసు ఎత్తేస్తామని పైనుంచి కాగితం వచ్చేసరికి, ఆయన జీపెక్కి కషాయం వెతుక్కుంటూ బయల్దేరారు. చింతలగరువు పొలిమేర దాటగానే ఆయన కళ్లకు ఒక బోర్డు కనిపించింది.

‘ఆదర్శ కషాయ క్షేత్రం. నిర్వహణ: శ్రీమతి గుబ్బల మాణిక్యం. ఇచ్చట దోమకు కషాయం కాచబడును.’

ఆ బోర్డు మాణిక్యం పెట్టుకున్నది కాదు. ప్రకృతి సేద్యం మీద అందరికీ ఒకేసారి ప్రేమ పుట్టిన రోజుల్లో ఉద్యానవన శాఖ వారు వచ్చి పాతిపోయారు. ఆమెకు శాలువా కప్పారు, ఫొటో తీశారు, తలా రెండు కొబ్బరిబొండాలు తాగి వెళ్లారు. మళ్లీ అటువైపు రాలేదు.

మాణిక్యానికి ఎకరంన్నర కొబ్బరితోట ఉంది. కొబ్బరి నీడన మూడు వందల ఇరవై కోకో చెట్లు, ఎనిమిదేళ్ల కిందట తన చేత్తో నాటినవి. సరిగ్గా ఆ వారమే వాటికి దోమ పట్టింది. దోమంటే మనల్ని కుట్టేది కాదు, సన్నకాళ్ల పురుగు. పిందె మీద వాలి రసం పీలుస్తుంది. పీల్చిన చోటల్లా నల్లమచ్చ పడి, పిందె ఎండి, చెట్టునే అంటిపెట్టుకుని ఉండిపోతుంది. పది రోజుల్లో కషాయం పడకపోతే ఆ కాపు మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే ఆమె వేపాకు, కానుగాకు, సీతాఫలం ఆకు దంచి ఆవుపంచితంలో వేసి, పెద్ద డేగిసాలో మరిగిస్తోంది. ఆ చేదుకు దోమ చావదు. చిరాకు పడి ఇంకో చోటు చూసుకుంటుంది.

షాపులో దొరికే డబ్బా మందు కొట్టుకోవచ్చు కదా అంటే, ఒకప్పుడు కొట్టారు. ఆరేళ్ల కిందట ఆమె మొగుడు సత్తిరాజు పంపు భుజాన వేసుకుని ఆ మందే కొడుతూ మూడో వరసలో పడిపోయాడు. నోట నురగ వచ్చింది. ఆమె ఒక్కతే రోడ్డు దాకా ఈడ్చుకొచ్చింది. మనిషి బతికాడు గానీ చేతుల వణుకు పోలేదు. ఇప్పటికీ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. ఆ రోజు నుంచి ఆ డబ్బా తన గట్టు దాటి రాకూడదని మాణిక్యం ఒట్టు పెట్టుకుంది.

పరబ్రహ్మం గారు జీపు దిగి, డేగిసా చూసి, పుస్తకం తీశారు.

“దోమకు కషాయం కాస్తున్నది మీరేనా?”

“ఆయ్, నేనేనండి.”

“సేవించేది ఎవరు?”

“చెట్లండి. కోకో చెట్లకి టీ దోమ పట్టిందండి.”

“టీ తాగక ముందు కుడుతుందా, తాగిన తర్వాతా?”

“టీతో పని లేదండి. దాని పేరు అలా పడిపోయిందండి. కాయని కుడతాదండి.”

“జ్వరం?”

“కాయకి జ్వరమేంటండి!”

‘రోగి: కాయ. వ్యాధి: దోమకాటు. జ్వరం: లేదు’ అని ఆయన రాసుకున్నారు. తర్వాత జీపులోంచి, ఫైళ్లు కట్టే ఎర్రగుడ్డ తెచ్చి డేగిసా మూతికి బిగించి, లక్క కరిగించి ముద్ర వేశారు. చల్లార్చి పెట్టిన రెండు డ్రమ్ములకూ అదే మర్యాద జరిగింది. ఒక్కోదానికి ఒక్కో అట్ట తగిలించారు. అట్ట మీద ‘అనుమతి లేనిదే కాయరాదు’ అని అచ్చు వేసి ఉంది.

సత్తిరాజు ఆ అట్ట కూడబలుక్కుని చదివి, చెట్ల వైపు తిరిగాడు. “ఇన్నారా? అనుమతి లేకండా కాయకూడదంట!”

మాణిక్యానికి నవ్వు రాలేదు. “బాబూ, పది రోజుల్లో కొట్టకపోతే పిందెలన్నీ మాడిపోతాయండి. ఏం చెయ్యమంటారండి?”

“రసాయన పురుగుమందు కొట్టుకోండి. ప్రతి షాపులోనూ దొరుకుతుంది. దానికి మా అనుమతి అక్కర్లేదు.”

“అది విషం కదండీ.”

“విషమే. కనుకనే మా పరిధిలోకి రాదు. మాది కషాయాలు మాత్రమే” అని ఆయన ఎంతో ఓపికగా చెప్పి జీపెక్కారు.

మర్నాడు పొద్దున్నే మాణిక్యం ఆఫీసు మెట్ల మీద ఉంది. ఆఫీసు పుట్టాక వచ్చిన మొదటి అర్జీదారు కావడంతో పరబ్రహ్మం గారు స్వయంగా లేచి కుర్చీ జరిపారు. మార్గాలు రెండు ఉన్నాయని చెప్పారు. ఒకటి, ఆమె అయిదున్నరేళ్లు వైద్యం చదివి పట్టా తెచ్చుకోవడం.

“పది రోజుల్లో అవదు కదండీ అన్నయ్యగారూ.”

‘అర్జీదారు మమ్ము అన్నయ్యగారు అని సంబోధించినది’ అని ఆయన రాసుకున్నారు. రెండో మార్గం చట్టంలోని తొమ్మిదో నిబంధన. దాన్ని ఆయన లేచి నిలబడి చదివారు.

“గృహిణి తన ఇంట కుటుంబ సభ్యుల నిమిత్తము కాచు కషాయమునకు అనుమతి అవసరము లేదు. కుటుంబ సభ్యులనగా, ఒకే ఆవరణలో నివసించుచు, ఆ ఇంటివారి పోషణపై ఆధారపడి యున్నవారు.”

“మా చెట్లు మా ఆవరణలోనే ఉన్నాయండి. నేను నీళ్లెడితే తాగుతాయి, ఎరువేత్తే తింటాయి. లేకపోతే లేదండి.”

ఆమె ఉడుకుమోత్తనం కొద్దీ అన్న మాట అది. మరొకరైతే నవ్వేసేవారు, లేదా కసిరేసేవారు. పరబ్రహ్మం గారు మాత్రం నిబంధన మళ్లీ చదువుకున్నారు. ‘మనుషులు’ అన్న మాట అందులో ఎక్కడైనా ఉందేమోనని వేలు పెట్టి వెతికారు. లేదు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. ఒక నిబంధన ఇంత చక్కగా అతికినట్టు సరిపోవడం ఆయన ఉద్యోగ జీవితంలో ఎన్నడూ చూడలేదు.

“ఒక్కొక్కరికి ఒక్కో దరఖాస్తు” అని మూడు వందల ఇరవై కాగితాలు లెక్కపెట్టి ఇచ్చారు.

పేర్లు పెట్టడానికి మొగుడూ పెళ్లాలకు మూడు రోజులు పట్టింది. దేవుళ్లూ దేవతలూ మొదటి పూటే అయిపోయారు. తర్వాత చుట్టాలు, ఆ తర్వాత ఊళ్లో వాళ్లు. సరిగా కాయని చెట్టు ఒకటుంటే దానికి మాణిక్యం తన ఆడపడుచు పేరు పెట్టింది. సత్తిరాజు గొడవ పెట్టుకుని దాన్ని మార్పించాడు. మారిన పేరు ఆమె తోటికోడలిది కావడంతో అతను ఇంకేం అనలేకపోయాడు. తండ్రి పేరు దగ్గర అన్నిట్లోనూ ‘సత్తిరాజు’ అనే రాయాల్సి వచ్చింది. నూరు దాటాక అతను కాస్త ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు.

దరఖాస్తులు పరిశీలిస్తూ పరబ్రహ్మం గారు ఒక్క చోట ఆగారు. వృత్తి దగ్గర ‘కాయడం’ అని ఉంది.

“వీళ్లకు కాయడానికి అనుమతి ఉందా?”

“ఇది ఆ కాయడం కాదండి. చెట్టు కాయడం అండి.”

“అక్షరాలు అవే కదమ్మా” అని ఆయన చాలాసేపు బాధపడి, ‘వీరు కాయుదురు గాని కషాయము కాయరు’ అని పక్కన రాసి సంతకం పెట్టారు. మూడు వందల ఇరవై ధ్రువపత్రాలు తయారయ్యాయి. ఒక్కో సభ్యుడికి ఒక్కో ఫైలు తెరిచి ఎర్రగుడ్డలో కట్టారు. ఆఫీసులో గుడ్డ చాలక, కుర్చీలూ బీరువాల కోసం పైఆఫీసుతో నడిపిన పాత ఫైళ్లకున్న గుడ్డలు విప్పి వీటికి చుట్టారు.

ఏడో రోజున ముద్రలు పగలగొట్టారు. సేవనం అధికారి సమక్షంలో జరగాలన్నది నియమం. మాణిక్యం పంపు వీపున కట్టుకుని కషాయం కొడుతుంటే, పరబ్రహ్మం గారు గొడుగేసుకుని వెనకాలే నడుస్తూ పేర్లు పిలిచారు. భోజనం అయ్యాకే ఇవ్వాలని మోతాదు కాగితంలో ఉండటంతో, ముందు అన్ని చెట్ల మొదట్లో తలా ఒక చేటెడు పెంట వేయించారు.

“పోలేరమ్మ తాగినదా?”

“తాగిందండి.”

“భీమేశ్వరరావు?”

“ఆడు ఎత్తుగా ఉన్నాడండి. పైకొమ్మలు అందట్లేదండి.”

“పూర్తిగా తాగించండి. సగం మోతాదుకు మేము సంతకం చేయము.”

సాయంత్రానికి మాణిక్యం వీపు చిట్లిపోయింది. ఆ తర్వాత నాలుగో రోజుకి తోటలో దోమ మచ్చుకైనా లేదు. పిందెలు నిలిచాయి. ఆ రోజు ఆమె చెట్ల మధ్య ఒంటరిగా కూర్చుని కాసేపు ఏడ్చింది. ఏడుపంటే సంతోషమే.

కథ అక్కడ ఆగాలి. ఆగలేదు, ఎందుకంటే కుటుంబ సభ్యుల జాబితా అన్ని శాఖలకూ పంపాలని పదకొండో నిబంధన చెబుతోంది. రాష్ట్రంలోకెల్లా పెద్ద సంసారం కింద సత్తిరాజుకు, చిన్న కుటుంబం వల్ల లాభాలు వివరిస్తూ ఒక పుస్తకం వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లలు మూడు వందల ఇరవై మంది బడికి వెళ్లడం లేదని చదువుల శాఖ మండిపడింది. ఊరి బడిలో ఉన్నది తొమ్మిది మంది పిల్లలు. మూసేస్తారన్న భయంతో ఉన్న వసుంధర టీచరు ఈ వార్త విని హాజరుపట్టీ పట్టుకుని తోటకే వచ్చేసింది. రోజూ వరసల మధ్య నడుస్తూ పేర్లు పిలిచేది. హాజరు నూటికి నూరు. తనిఖీకి వచ్చిన పెద్దాయన తోటంతా తిరిగి, ఇంత నిశ్శబ్దంగా పాఠం వినే పిల్లల్ని తానెక్కడా చూడలేదని రాసి వెళ్లాడు. బడి నిలిచింది. వీటన్నిటికీ మాణిక్యం ‘అలాగేనండి’ అంటూ వచ్చింది. కాయ ముదిరే దాకా ఓపిక పడితే చాలనుకుంది.

కాయలు ముదిరాయి, పసుపు తిరిగాయి. చాక్లెట్ కంపెనీ వ్యాను ఎప్పుడొస్తుందో కబురు తెలిసింది. మాణిక్యం కత్తి సాన పట్టింది. సరిగ్గా ఆ రోజే నోటీసు వచ్చింది.

‘తమరు తమ కుటుంబ సభ్యుల దేహముల నుండి అవయవములను కోసి వేరుచేసి, పరులకు అందజేయ సంకల్పించినట్లు మా దృష్టికి వచ్చినది. ఇది ఘోర నేరము. తదుపరి ఉత్తర్వులు వచ్చు వరకు ఏ ఒక్క సభ్యుని దేహముపైనను కత్తి పెట్టరాదు.’

ఆమె ఆఫీసుకు పరుగెత్తింది. పరబ్రహ్మం గారు ఎంతో నొచ్చుకున్నారు. చెట్టయితే కాయ కోసుకోవచ్చుననీ, కుటుంబ సభ్యుడైతే వీలుపడదనీ చెప్పారు. పోనీ మళ్లీ చెట్లుగా మార్చెయ్యమంటే, చెట్లకు కషాయం తాగించిన నేరం వెనక్కి వెళ్లి వర్తిస్తుందన్నారు. కోకో కాయ చెట్టున ఎక్కువ రోజులు ఆగదు. లోపల గింజ మొలకెత్తిపోతుంది. ఈలోగా ఉడతలు దిగి కాయలకు చిల్లులు పెడుతున్నాయి. ఉడతలకు నోటీసు ఇవ్వలేదు. మాణిక్యం కత్తి ఒళ్లో పెట్టుకుని, రాలుతున్న కాయల చప్పుడు వింటూ అయిదు రోజులు కూర్చుంది. అన్నం సహించలేదు.

ఆరో రోజు పొద్దున పదింటికి జీపు వచ్చి ఆగింది. పరబ్రహ్మం గారి చొక్కా నిండా దుమ్ము. చంకలో ఒక ఫైలు. వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

“ఒక సాయం కావాలమ్మా” అన్నారు. “పురుగు పట్టింది.”

“ఎక్కడండి?”

“ఆఫీసుకు. గుడ్డలు విప్పిన ఫైళ్లన్నీ తినేస్తోంది. చూడు” అని ఫైలు తెరిచారు. అది చట్టం అసలు ప్రతి. నిండా చిల్లులు. మొదటి వాక్యం చివర ఒక్క అక్షరం ఉన్న చోట కన్నం ఉంది. ‘ఎవ్వరును కషాయము కాయరాదు’ అని ఉండాల్సింది ‘ఎవ్వరును కషాయము కాయరా’ దగ్గర ఆగిపోయింది.

సత్తిరాజు అది చదివి మొహం పక్కకు తిప్పుకున్నాడు. మాణిక్యం మాత్రం ఆయన మొహంలోకే చూసింది.

“షాపులో డబ్బా దొరుకుతాది కదండీ. దానికి అనుమతి అక్కర్లేదన్నారు.”

“అది విషం కదమ్మా” అన్నారు పరబ్రహ్మం గారు. “ఆఫీసులో మనుషులుంటారు.”

సత్తిరాజు టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా టీ తొణికింది.

“మా తోటలోనూ మనుషులుంటారండి” అంది మాణిక్యం.

ఆ మాట పరబ్రహ్మం గారు రాసుకోలేదు. ఆమె చెప్పింది ఆయన రాసుకోకపోవడం అదే మొదటిసారి. తొణికిన టీ వైపు చూశారు, ఆ చేతుల వైపు చూశారు, తర్వాత తన చెప్పుల వైపు చూసుకున్నారు.

“కషాయం కాచియ్యగలవా?”

“కాత్తానండి. కానీ కుటుంబ సభ్యులకే కదండీ ఇవ్వాల్సింది.”

“నువ్వు నన్ను అన్నయ్యగారూ అన్నావు. రికార్డులో ఉంది” అన్నారాయన ఆశగా.

మాణిక్యం లేచి నిలబడింది. అయిదు రోజుల తర్వాత ఆమె మొహంలోకి నెత్తురు వచ్చింది. “అయితే మీరు మా పిల్లలకి మేనమామండి. ఈళ్లకి ఇంకా పుట్టెంట్రుకలు తియ్యలేదండి. మేనమామ చెయ్యి పడకండా ఎలా తీత్తామండి? కత్తి ఇదిగోండి.”

“కానీ అవయవములు...”

“జుట్టు అవయవమాండి? కొండమీద రోజూ ఎంతమందిది తీత్తన్నారు! ఎవరికైనా నోటీసిచ్చారాండి?”

పరబ్రహ్మం గారు జేబులోంచి నిబంధనల పుస్తకం తీసి ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు తిప్పారు. తలవెంట్రుకల మాట అందులో ఎక్కడా లేదు. పెరిగేది, తీస్తే మళ్లీ వచ్చేది, తీసినందుకు మనిషి ఏడవనిది. అన్నీ కాయకు సరిపోయాయి. ఆయన చెప్పులు విడిచి, కత్తి తీసుకుని, మొదటి వరసలో మొదటి చెట్టు దగ్గరకు నడిచారు. మాణిక్యం ఆ చెట్టు మానుకు పసుపు రాసి కుంకం బొట్టు పెట్టింది. ఆయన మూడు కాయలు కోశారు. మిగిలినవి తల్లిదండ్రులు తీసుకోవచ్చునని అక్కడికక్కడే ఉత్తర్వు రాసిచ్చారు. ఉత్తర్వు మీద సిరా ఆరకముందే మాణిక్యం రెండో వరసలో ఉంది. మర్నాటి మధ్యాహ్నానికి వ్యాను నిండింది.

వ్యాను వెళ్లాక ఆమె చేతులు కడుక్కుని, డేగిసా పొయ్యి మీద పెట్టి, వేపాకు దూసి వేసింది. పొద్దుటి నుంచీ అరుగు మీదే కనిపెట్టుకుని ఉన్న పరబ్రహ్మం గారు ఖాళీ క్యాను ముందుకు జరిపారు.

“మీకైతే ఇచ్చేత్తానండి అన్నయ్యగారూ, మీరు చుట్టాలే” అంది మాణిక్యం ఆకు తోస్తూ. “కానీ తాగేది మీరు కాదు కదండీ, ఫైళ్లు. మరి అయ్యి ఒకే ఆవరణలో ఉంటాయాండి?”

“ఉంటాయి.”

“మీ పోషణ మీదే ఆధారపడ్డాయాండి?”

ఆయన ఆలోచించారు. రోజూ పొద్దున్నే వాటికి కాగితాలు పెట్టేది తానే. తాను పెట్టకపోతే అవి ఒక్క పేజీ పెరగవు. “నా మీదే” అన్నారు మెల్లగా.

“ఎంతమందుంటారండి?”

“నాలుగు వేల పైచిలుకు.”

“ఒక్కొక్కరికి ఒక్కో దరఖాస్తండి” అంది మాణిక్యం.

ఆమె హాస్యానికి అంటోందేమోనని సత్తిరాజు చూశాడు. పరబ్రహ్మం గారు అప్పటికే జీపులోంచి కాగితాల కట్ట తెచ్చి ఒళ్లో పెట్టుకున్నారు. మొదటి దరఖాస్తులో పేరు రాశారు, వయస్సు రాశారు. తండ్రి పేరు దగ్గర కాసేపు ఆగి, తన పేరే రాసుకున్నారు.